నాలుగుంబావుకి మోగని ఫోను

రాజేశ్వరమ్మ నిద్రపోలేదు. నిద్రపోయింది మీరు. సంతకం పెట్టిన సోమసుందరం గారూ, హైదరాబాద్‌లో కూర్చుని పని సక్సెస్ అని మెయిలు కొట్టిన హర్షిత్ గారూ, ఆ మెయిలు చదవకుండానే తలలూపిన డైరెక్టర్లూ, రెండున్నర ఎకరాల బొచ్చె చేప తెల్లారేసరికి పొట్టలు పైకి పెట్టి తేలిందంటే అది మీ చేతిపని. ఆవిడ కునుకుపాటు కాదు. మూడింటికి మీటింగులో ఇలాగే మొదలుపెడతాను, కుర్చీ చూపిస్తే కూర్చోను, నిలబడే చెబుతాను. ఇప్పుడు పన్నెండూ ఇరవై. కాపీ పంతొమ్మిది శాతం.

పంతొమ్మిది అంకె మీద కళ్ళు పెట్టుకుని కూర్చోవడం దండగ, అయినా కళ్ళు అక్కడే ఉన్నాయి. ఏలూరు పవర్‌పేటలో చేపల రైతుల సంఘం ఆఫీసు, మేడ మీద వెనక గది, ఏసీ కింద రెండు ఇనప పెట్టెలు, సర్వర్లంటారు, మధ్యలో స్టూలు మీద నేను. ఎడమది పాతది, కుడిది కొత్తది. పాత పెట్టెలో ఆరు కంప్యూటర్లు కాపురం ఉండేవి, కంటికి కనబడవు, చేతికి తగలవు, ఒకే ఇనుమును ఆరు వాటాలు వేసుకుని ఎవరికి వాళ్ళు ఇల్లంతా తమదే అనుకుని బతుకుతుంటాయి, వర్చువల్ మెషీన్లంటారు వీటిని. నాన్నకి చెబితే ఉమ్మడి కాపురమన్నమాట, గోడల్లేవుగానీ పొయ్యిలు వేరు, అన్నాడు. అంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు నాకు. ఆ కాపురాలు నడిపించే పాత ప్లాట్‌ఫారం కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానికి మాలాంటి చిన్నవాళ్ళు అక్కర్లేదు, షరతులు మార్చాడు, నెలాఖరుతో ఒప్పందం చెల్లు, ఆ తర్వాత చెడితే పలికే నాథుడుండడు. సరే, పోదాం. పదిమంది చేతుల్లో తయారైంది, మూత తీసి లోపల చూసుకోగలిగింది, ఉచితంగా దొరికేది ఒకటుంది, అందులోకి పోదాం. ఆ మాట మొదట అన్నది నేనే, సంఘం కంప్యూటర్లు చూసుకునే నాగదుర్గని, పదో తరగతి నాగదుర్గని, ఆకివీడు ఇంటర్నెట్ సెంటర్లో జనం దరఖాస్తులు నింపుతూ, పారేసిన కంప్యూటర్లు విప్పి బిగించి, రాని ఇంగ్లీషు పేజీ ఒక్కొక్కటి పదిసార్లు చదివి నేర్చుకున్నదాన్ని. సోమసుందరం గారు మా సంఘం కార్యదర్శి. చెడ్డమనిషి కాదు, గొంతు పెంచరు, అందుకే ఆయనతో కష్టం, దెబ్బలాడటానికి పట్టు దొరకదు. నువ్వు చేయగలవమ్మా, కాదనను, రేపు ఏదైనా అయితే ఎవరి సర్టిఫికెట్ చూపించమంటావు, అని ఆ పని హైదరాబాద్ కంపెనీలో హర్షిత్ గారికి అప్పజెప్పారు. అయింది కదండీ. చూపించండి సర్టిఫికెట్. చేపలకి చూపించండి.

ఇరవై ఎనిమిది. చేపలు పోయాక పని మళ్ళీ నా చేతికే వచ్చింది, ఐదు మెషీన్లు పోయిన ఆదివారమే నేనే తెచ్చి కుడి పెట్టెలో పెట్టాను, సభ్యుల జాబితా, మేత ఆర్డర్లు, ఐసు లోడ్లు, అవన్నీ ఒక పూట ఆగినా కొంప మునగదు, మారినట్టు కూడా ఎవరికీ తెలియలేదు. ఇది ఆరోది, అలారం మెషీను. ముదినేపల్లి నుంచి ఆకివీడు దాకా రెండొందల పన్నెండు చెరువుల్లో ముంచిన పరికరాలు ఐదు నిమిషాలకోసారి దీనితో మాట్లాడతాయి, నీళ్ళలో ఆక్సిజన్ ఇంత ఉంది, ఇంత ఉంది అని. పగలు ఎండకి నీళ్ళలోని పాచి ఆక్సిజన్ తయారుచేస్తుంది, చీకటి పడితే అదే పాచి, అవే చేపలు, కలిసి దాన్ని తాగేస్తాయి. తెల్లవారుజామున మూడు నుంచి ఐదున్నర, అదీ గండం. నా చిన్నప్పుడు మెషీన్లెక్కడివి. మా నాన్న దుర్గారాజు చెవులే మెషీను. గట్టు మీద పాకలో పడుకునేవాడు, నిద్రలోనే వినేవాడు, చేపలు మూతులు పైకి పెట్టి గాలి తాగుతుంటే పసిపిల్లలు పాలు తాగుతున్నట్టు చప్పుడొస్తుంది, వందలకొద్దీ పసిపిల్లలు, ఆ చప్పుడుకి లేచి నూనె డబ్బా మీద కర్రతో బాదేవాడు, పక్క గట్టు వాడు అందుకునేవాడు, వాడి పక్కవాడు, అలా డబ్బాల మోత చీకట్లో కొల్లేరు వైపుకి పాక్కుంటూ పోయేది. నాకు ఆ మోత అంటే భయం కాదు, ధైర్యం. ఎవరో మేలుకుని ఉన్నారని.

ఆ డబ్బానే నేను ఫోన్లోకి తెచ్చాను. మెసేజ్ ఎవరు చూస్తారండీ, అప్పులిస్తాం రమ్మనే మెసేజ్‌ల కింద పడి చస్తుంది. గట్టు మీద అందరం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. ఒక రింగిచ్చి కట్టయితే ఏరేటర్, నీళ్ళలోకి గాలి చిలికే యంత్రం, వేయాలి. వెంటనే రెండోసారి మోగితే చెప్పులు వెతుక్కోకుండా పరిగెత్తాలి. ఎత్తక్కర్లేదు, చదవక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఆ రింగులివ్వడానికి తాడేపల్లిగూడెంలో సెల్ రిపేరు షాపు నుంచి పాత మోడెం ఒకటి తెచ్చాను, బొటనవేలంత ఉంటుంది, సిమ్ము వేసి ఎడమ పెట్టె వెనకాల గుచ్చాను. ఊడ్చేవాళ్ళ చీపురు తగిలి ఊడిపోతుందేమోనని వల దారంతో కట్టాను, నాన్న నేర్పిన ముడి, లాగితే బిగుస్తుందిగానీ జారదు. ఆరేళ్ళు. ఆరేళ్ళుగా ఆ బొటనవేలు రెండొందల పన్నెండు ఇళ్ళలో మనుషుల్ని లేపుతోంది.

నలభై ఒకటి. హర్షిత్ గారి గొంతు ఇప్పటికీ చెవిలోనే ఉంది, వెన్నలాంటి గొంతు, ప్రతి మాటకీ మేడం. నడుస్తున్న మెషీన్ పగలు ఆపకూడదు మేడం, నైట్ విండో, రెండు నుంచి ఐదు, లోకమంతా అంతే చేస్తారు. లోకంలో చెరువుల్లేవా? అప్పుడన్నాను, ఆ మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "బ్యాంకుకి రాత్రి విశ్రాంతండీ. చెరువుకి రాత్రే గండం. మిట్టమధ్యాహ్నం ఎండలో చేయండి, రెండు గంటలు ఆగినా ఒక్క పరిగె చేప కూడా చావదు." ఆయన నవ్వాడు, ముచ్చటపడినట్టు నవ్వాడు, అది నాకు కాలింది. సోమసుందరం గారు నా వైపు చూడకుండా నైట్ విండో అని రాసిన కాగితం మీద సంతకం పెట్టారు. ఆ రాత్రి హైదరాబాద్ నుంచే రిమోట్‌లో లాగారు, ఎవరూ ఈ గదిలో అడుగుపెట్టలేదు. మూడున్నరకి మెషీను కొత్త పెట్టెలో లేచింది. అడిగితే పలికింది, తెర మీద అన్నీ పచ్చగా ఉన్నాయి, సక్సెస్. మోడెం మాత్రం పాత పెట్టె వెనకాలే, వల దారంతో కట్టి, ఎవరి కోసమో ఎదురుచూస్తూ. కాపురం మారింది, నాలుక ఇక్కడే ఉండిపోయింది. నాలుగుంబావుకి రాజేశ్వరమ్మ చెరువులో ఆక్సిజన్ పడిపోయింది, మెషీను చూసింది, పిలిచింది, లోపల్లోపలే పిలిచింది, పిలుపు గొంతులోనే ఉండిపోయింది.

రాజేశ్వరమ్మ పిన్ని. నాకు చుట్టమేమీ కాదు, మా ఊరి మనిషి, కొల్లేట్లో దోనె మీద వల లాగిన చేతులు, పెనిమిటి పోయాక ముదినేపల్లి వైపు రెండున్నర ఎకరాలు లీజుకి తీసుకుని ఒక్కతే చేస్తోంది. ఫోను చీరకొంగులో ముడివేసి తలకింద పెట్టుకుని పడుకుంటుంది, ఆరేళ్ళలో ఒక్క రింగు తప్పలేదు. ఆ పొద్దున నేను వెళ్ళేసరికి గట్టు మీద గొంతుక్కూర్చుని ఉంది, ఏడవడం లేదు, ఫోను రెండు చేతులతో పట్టుకుని తిప్పి తిప్పి చూస్తోంది, దానికేదో జబ్బు చేసినట్టు. "మోగలేదే అమ్మాయ్. మోగితే నేను లేవనా." అంతే అంది. తర్వాత హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చింది. అలర్ట్ తయారైంది, వినియోగదారు స్పందించలేదు. వినియోగదారు. దాన్ని తెలుగులో చెప్పింది మాత్రం ఊరే, నిద్రపోయింది అని. రేవులో, కిరాణా కొట్లో, మేత లారీ దగ్గర, నిద్రపోయిందట కదా అని. ఆ మాట చెరువు యజమాని చెవిన పడింది, నిద్రపోయే మనిషికి చెరువెందుకు, ఈసారి చేప పట్టి అమ్మగానే చెరువు వేరేవాళ్ళకి ఇస్తానన్నాడు. చేపలు పోతే మళ్ళీ పిల్ల వేసుకోవచ్చు, వేసింది కూడా. పేరు పోతే ఎక్కడ తెచ్చుకుంటుంది? గట్టు మీద మనిషికి మెలకువే కదండీ ఆస్తి.

యాభై ఆరు. రుజువు నా దగ్గరుంది. ఆ రాత్రి కొత్త పెట్టెలో నడిచిన కాపీ, పొద్దున్నే గాభరాగా ఆపేసి పాతదాన్ని మళ్ళీ లేపారు కదా, ఆ ఆపేసిన కాపీ కుడి పెట్టెలో శవంలా పడుంది. జాగా ఖాళీ చేయండి మేడం, డిలీట్ కొట్టేయండి, అని హర్షిత్ గారి మెయిలు. కొట్టలేదు. తెరిచాను. వెళ్ళని పిలుపులన్నీ వరసగా ఉన్నాయి లోపల, ఐదు నిమిషాలకోసారి, అన్నీ ఒక్క చెరువువే, మొదటిది నాలుగూ పదిహేను, రాజేశ్వరమ్మ, రెండు రింగులు, మోడెం లేదు, వేచి ఉంది. ఒకే ఒక్క కాగితం, ప్రింటు తీసి జాకెట్లో పెట్టుకున్నాను, చెమటకి తడుస్తోంది, తడవనీ. ఈ కాగితం మీటింగులో టేబుల్ మీద పరిస్తే హర్షిత్ గారు ఫోన్లో ఏమంటారో కూడా తెలుసు. మీరిచ్చిన లిస్టులో మోడెం లేదు కదా మేడం.

లేదు.

లేదు, నిజమే. ఏం దాపరికం. మారాల్సిన సామాన్ల జాబితా అడిగారు, నేనే ఇచ్చాను, మెషీన్ల పేర్లు, డిస్కులు, నెట్‌వర్కు నంబర్లు, మూడు పేజీలు. బొటనవేలంత మోడెం రాయలేదు. ఆరేళ్ళ కిందట గుచ్చి కట్టేసి మరిచిపోయాను, మన చెయ్యి మనకున్నట్టు ఉంది అది నాకు, జాబితాలో ఎవరైనా తన చెయ్యి రాసుకుంటారా? సొంతంగా నేర్చుకున్నవాళ్ళ జబ్బు ఇది, అంతా బుర్రలో ఉంటుంది, కాగితం మీద ఏమీ ఉండదు, ఉంచకపోవడమే గొప్ప అనుకుంటాం. పైగా వాళ్ళు చేస్తున్న రాత్రి నేను ఎక్కడున్నాను? ఇంట్లో. అలిగి. నా మాట వినలేదుగా చూసుకోండి అని తలుపేసుకుని పడుకున్నాను. ఆ రాత్రి ఈ జిల్లాలో నిద్రపోయిన ఆడదెవరైనా ఉంటే అది నేను. ఇది కూడా చెబుతాను మూడింటికి. ముందు నా వాటా చెప్పుకుంటే వాళ్ళ వాటా వాళ్ళు దాచుకోలేరు. నా తప్పు జాబితాలో ఒక వరస. వాళ్ళ తప్పు, ఒక్క ఫోనైనా మోగిందా అని ఎవర్నీ అడగకుండా సక్సెస్ అని రాయడం, తర్వాత ఆ నేరం గట్టు మీద మనిషి నెత్తిన రుద్దడం. రెండూ ఒకటి కావు. నాకు తూకం తెలుసు.

అరవై తొమ్మిది. గదిలో వెలుగు తగ్గింది. కిటికీ లోంచి చూస్తే పడమట మబ్బు, స్టేషన్ మీదుగా వస్తోంది, బూడిదరంగు, ఒక అంచు నల్లగా. పొద్దున ఆకాశం అద్దంలా ఉంది, నాన్నని అడిగే మొదలుపెట్టాను. మబ్బు ముసిరితే పాచి పని మానేస్తుంది, పగలే నీళ్ళు బరువెక్కుతాయి, ఆక్సిజన్ దిగిపోతుంది, ఇప్పుడు చూడ్డానికి మెషీను లేదు, సగం అక్కడా సగం ఇక్కడా ఉంది. అయినా కాపీ ఆపలేదు. ఈ రెండు గంటలకి నేను పెట్టుకున్న కాపలా ఏ కంపెనీ కాగితంలోనూ ఉండదు, నిన్న ఊరూరా ఫోన్లు చేశాను, పన్నెండు నుంచి రెండు దాకా ప్రతి గట్టు మీదా ఒక మనిషి, చేతిలో డబ్బా, కర్ర. మెషీను ఆగితే చెవులు. చెవులు పలికితే డబ్బాలు. కుర్రాళ్ళు నవ్వారట, పెద్దవాళ్ళు నవ్వలేదు, అటక మీంచి డబ్బాలు దింపారు. నాన్న ఫోను. మబ్బు చూశావా నాన్నా అనబోయాను, ఆయనే అన్నాడు. "మబ్బు నాక్కూడా కనపడతాందమ్మా. నీళ్ళు నేను చూత్తాను, నువ్వు నీ పెట్టె చూసుకో." పెట్టేశాడు. డెబ్భై నాలుగు. ఒక చోట డబ్బా మోగిందేమో, ఇక్కడికి వినపడదు, వినపడినట్టే ఉంది, పవర్‌పేట గేటు దగ్గర గూడ్సు బండి అది.

ఎనభై ఎనిమిది. చేపపిల్ల తెచ్చినప్పుడు ఎవడైనా సంచీ కోసి చెరువులో కుమ్మరిస్తాడా? సంచీని కొత్త నీళ్ళ మీద అరగంట తేలనిస్తారు, లోపలి నీరూ బయటి నీరూ ఒకే చల్లదనానికి రావాలి, తర్వాత మూతి విప్పి కొత్త నీళ్ళు దోసిలి దోసిలిగా పోస్తారు, పిల్ల తనంతట తను ఈదుకుంటూ బయటికి పోవాలి. మా వాళ్ళల్లో పదేళ్ళ పిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. మెషీనూ అంతే. పాత నేలలో పుట్టింది, కొత్త ఇనుము దానికి తెలియదు, డిస్కు ఎక్కడుందో తెలియదు, నెట్‌వర్కు తీగ పేరు కూడా మారిపోతుంది, దిమ్మెరపోతుంది పాపం. అందుకే ముందు దానికి కొత్త డిస్కుని గుర్తుపట్టే ముక్క పాత ఇంట్లో ఉండగానే నేర్పాను, నిన్న. ఇప్పుడు బయటి తీగ తగిలించకుండా మూసిన సంచీలో లేపుతాను. వంద శాతం. ఒంటిగంటా మూడు నిమిషాలు. లే తల్లీ. నల్ల తెర. తెల్ల అక్షరాలు. ఒక నిమిషం. డిస్కు దొరికింది. లేచింది. అనుకున్నట్టే తీగ పేరు మారింది, ఊరు పేరు తెలియని కొత్త కోడల్లా గుమ్మంలో నిలబడిపోయింది, రెండు వరసలు మార్చాను, పలికింది. పది నిమిషాలు అలాగే తేలనిచ్చాను. తర్వాత మూతి విప్పాను, పది చెరువులు, మళ్ళీ ఇరవై, తర్వాత అన్నీ. ఆక్సిజన్ అంకెలు రావడం మొదలైంది, ఐదూ ఎనిమిది, ఆరూ ఒకటి, ఐదూ రెండు, చెరువులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మేమున్నాం మేమున్నాం అంటున్నాయి. మబ్బుకి కొంచెం దిగాయి, గండం లేదు.

తెర పచ్చగా ఉంది. ఆ రాత్రి కూడా ఇంతే పచ్చగా ఉంది. స్టూలు మీంచి లేచాను. ఎడమ పెట్టె వెనక్కి వంగి ముడి విప్పాను, ఆరేళ్ళ దుమ్ము పట్టి బిగుసుకుంది, గోళ్ళు సరిపోక పళ్ళతో లాగాను. మోడెం చేతిలోకి వచ్చింది, వెచ్చగా, బతికున్నట్టు. ఎడమ పెట్టె నుంచి కుడి పెట్టెకి మూడడుగులు. మూడే. రెండొందల మైళ్ళ అవతల హైదరాబాద్‌లో కూర్చుని తీగలోంచి మెషీను లాగినవాళ్ళకి ఈ మూడడుగులు నడిచే కాలు లేకపోయింది. నడిచాను. గుచ్చాను. మెషీనుకి చూపించాను, ఇదిగో నీ నాలుక. అదే దారం, అదే ముడి. తర్వాత గోడ మీద కాగితం అంటించి పెద్ద అక్షరాలతో రాశాను, మోడెం ఇక్కడ, పెట్టె మారితే ఇదీ మారాలి, నాగదుర్గ. ఆరేళ్ళు ఆలస్యంగా రాశాను. రాశాను.

ఎవరికి మోగించాలో ఆలోచించనక్కర్లేదు. ఒకటీ ఇరవై తొమ్మిది. ముందుగా చెప్పలేదు ఆవిడకి, చెబితే పరీక్ష కాదు. రెండు రింగులు. కట్. ఏసీ చప్పుడు. గోడ గడియారం. ఒక నిమిషం పోయింది, రెండో నిమిషం నడుస్తోంది, తెర మీద ఆవిడ చెరువు గడి ఉన్నట్టుండి మారింది, ఏరేటర్ ఆన్. ఐదు నిమిషాలు ఆగకుండా, స్విచ్చు వేయగానే వచ్చే కబురు అదొక్కటే. పరిగెత్తి ఉంటుంది, చెప్పులు లేకుండా, మిట్టమధ్యాహ్నం కాలిన గట్టు మీద, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. అప్పుడు నా ఫోను మోగింది. ఆయాసం వినపడుతోంది. "రెండు రింగులొచ్చాయమ్మాయ్, నీళ్ళు బానే ఉన్నాయి మరి, ఏవయిందే?" పరీక్ష పిన్నీ, మారిపోయింది, అన్నాను. తర్వాత మెల్లిగా అంది, నాతో కాదు, పక్కనెవరో ఉన్నారు గట్టు మీద, వాళ్ళతో. "చూశారా. మోగితే లేత్తాను నేను."

రెండూ నలభై. మెట్ల మీద చెప్పుల చప్పుడు, డైరెక్టర్లు వస్తున్నారు, సోమసుందరం గారి దగ్గు. కాగితాలు మూడు ఉన్నాయి నా దగ్గర. ఒకటి నాలుగుంబావు కాగితం. రెండోది ఇవాళ్టిది, ఒకటీ ఇరవై తొమ్మిదికి మోగింది, ఒకటీ ముప్పై ఒకటికి ఏరేటర్ తిరిగింది. మూడోది ఉత్తరం, నేనే రాశాను, నా అక్షరాలు బాగోవు, అర్థమవుతాయి. వినండి. ఇకమీదట ఈ సంఘంలో ఏ మెషీను ఎక్కడికి మారినా పట్టపగలు మారాలి, గట్టు మీద ఫోను మోగి మనిషి పలికాకే ఎవరైనా సక్సెస్ అని రాయాలి, అంతవరకూ పెన్ను మూత తీయకూడదు. ఆ దొంగ రిపోర్టు ఇవాళే రద్దు చేయాలి. ఇంక ఈ ఉత్తరం. పైన రాజేశ్వరమ్మ గారికి అని ఉంది, లోపల ఒకే వాక్యం ఉంది, ఆ రాత్రి మీ ఫోను మోగలేదు, తప్పు మాది. కింద మూడు గీతలు గీశాను. మొదటి గీత మీద నా సంతకం ఉంది. రెండోది మీది సోమసుందరం గారూ, మూడోది హర్షిత్ గారిది, ఆయన్ని ఫోన్లో పిలవండి, రిమోట్‌లో మెషీను లాగినవాడు రిమోట్‌లో సంతకమూ పెట్టగలడు. పెట్టండి. ముదినేపల్లి బస్సు నాలుగుంబావుకి ఉంది, ఈ కాగితం అందులో వెళ్ళాలి, మీరే పట్టుకెళ్ళాలి, చెరువు యజమాని ముందు, ఊళ్ళో జనం ముందు, గట్టు మీద నిలబడి ఆవిడకి పైకి చదివి వినిపించాలి.